ఏసీలో పెట్టిన జపాను గిటారు

చదివేవాళ్ళు నా తప్పులు కాయాలి. యాభై మూడో ఏట పలక పట్టినదాన్ని, ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. పోయినవారం భాగం ఆలస్యంగా అందితే పత్రికవాళ్ళు ఏమీ అనలేదు, నాకే సిగ్గేసింది. ఈసారి సోమవారమే మొదలుపెట్టాను.

కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. దర్శి దగ్గర పల్లెలో ఉండే లక్ష్మీదుర్గ భర్త ప్రేమ్‌చంద్, అయూబ్ గారి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. మాఘమాసంలో ఒక పెళ్ళి కచేరీ ముగిశాక, గిటారు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కునుకు తీసిన మనిషి మళ్ళీ లేవలేదు. ఒక్కగానొక్క కూతురు అఖిల, పంతొమ్మిదేళ్ళది, తండ్రి దగ్గర పాత చెక్క గిటారు మీద నేర్చుకుంది. తండ్రి చోటు పిల్లకిస్తానని అయూబ్ గారు మాటిచ్చాడు. కానీ ఉత్త చేతులతో వస్తే కాదు, తండ్రి వాయించిన జపాను గిటారుతో రావాలన్నాడు. ఆదివారం పొన్నూరులో పెళ్ళి రిసెప్షను. అక్కడ వాయిస్తే చోటు దక్కినట్టు. లేదంటే సోమవారం పొద్దున అఖిల పత్తి జిన్నింగ్ మిల్లుకి పోవాలి. పెదనాన్న బాపయ్య అక్కడ మాట్లాడి వచ్చాడు. ఆ గిటారేమో తొమ్మిది నెలలుగా గుంటూరు కోల్డ్ స్టోరేజీలో, బాపయ్య మిరపకాయ టిక్కీల మధ్య, అంటే గోనె బస్తాల మధ్య, ఉంది. తల్లీకూతుళ్ళు దాన్ని బయటికి తీయించి, నల్లపాడులో వాద్యాలు బాగుచేసే సుభానీ కొట్టుకి ఆటోలో వేసుకొచ్చారు. బుధవారం సాయంత్రం అది.

గురువారం పొద్దెక్కేదాకా సుభానీ ఆ సంచిని ముట్టుకోనివ్వలేదు. చలిలోంచి వచ్చిన వస్తువును వెంటనే విప్పితే వేడిగాలి తగిలి చెమట పోస్తుంది, ఆ నీళ్ళు చెక్కలోకి దిగాయంటే ఇక నా వల్ల కాదు అన్నాడు. రాత్రి తల్లీకూతుళ్ళను తన ఇంట్లోనే పడుకోమన్నాడు. తొమ్మిది గంటలకు షట్టరు సగం ఎత్తి, సంచిని బల్ల మీద పెట్టి, బ్లేడుతో కుట్లు కోశాడు.

ఆ కుట్లు లక్ష్మీదుర్గ వేసినవే. దబ్బనంతో, పురికొసతో, వేలెడు వేలెడు దూరంలో, టిక్కీ మూతి కుట్టినట్టే కుట్టింది. పెద్దకర్మ అయిన మర్నాడు కుట్టింది. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. వాళ్ళది రేకుల ఇల్లు, మధ్యాహ్నం పూట బిందెలో నీళ్ళు కూడా కాగుతాయి. ప్రేమ్‌చంద్ బతికున్నన్నాళ్ళూ జపాను వస్తువు ఎండకు ఓర్చుకోదని చెప్పి, దాన్ని తడిగుడ్డ చుట్టిన కుండ పక్కన పెట్టుకునేవాడు. ఆయన లేడు. కుండను తడిపే తెలివి ఆమెకు లేదు. గుంటూరు సీమలో పుట్టిన ఎవరినడిగినా, పాడుకాకూడనిది ఏదైనా ఏసీలో పెట్టాలనే చెబుతారు. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. అక్కడ పెట్టిన కాయ ఏడాదైనా రంగు దిగదు. బాపయ్య టిక్కీలు తోలుతుంటే ఆమె గిటారు పెట్టెను దూదిలో పొదిగి, గోనెలో కుట్టి, ఆఖరి టిక్కీగా బండిలో పెట్టింది. బాపయ్య ఆమె మొహం చూసి అదేమిటని అడగలేదు. స్టోరేజీలో గుమాస్తా కూడా టిక్కీలన్నిటితో పాటు దాని మీదా నంబరు వేయించాడు.

సంచి విప్పగానే ఘాటు కొట్టింది. సుభానీ తుమ్మాడు. అఖిల చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎవర్రా పొద్దున్నే మిరపకాయలు వేయిస్తున్నది అని కేకలేశారు. లక్ష్మీదుర్గకు తుమ్ము రాలేదు, కళ్ళల్లో నీళ్ళూ రాలేదు. ఆమెకు తొమ్మిది నెలలుగా ఏదీ రావడం లేదు. అన్నం తిన్నానో లేదో అఖిల గుర్తుచేస్తే గాని తెలియడం లేదు. మిరపలో రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలికి వెళ్తుంది, వస్తుంది. పక్కనున్నవాళ్ళు ఓదారిస్తే సరే అంటుంది.

పెట్టె మూత లేచింది.

నల్లగా, అద్దంలా మెరిసేది ఆ కరెంటు గిటారు. దసరాకు దానికి పసుపూ కుంకుమా పెట్టేటప్పుడు లక్ష్మీదుర్గ తన మొహం అందులో చూసుకునేది. ఇప్పుడు రంగంతా పగిలి, వెల్లుల్లి పొట్టులా లేచి నిలబడింది. తీగలు తుప్పుపట్టి ఎర్రబారాయి. మెడ ఒక పక్కకు మెలిపడింది. సుభానీ దాన్ని కంటి ఎత్తుకు లేపి, ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాడు. తర్వాత అఖిలకేసి చూశాడు గాని తల్లికేసి చూడలేదు. మనుషులు చలికి ముడుచుకున్నట్టే చెక్కా ముడుచుకుంటుందని, పైనున్న రంగు అందుకు ఒప్పుకోదని, ఎవరు పెట్టమన్నారమ్మా అక్కడ అని నెమ్మదిగా గొణిగాడు.

“నేనే పెట్టాను బాబాయ్,” అంది లక్ష్మీదుర్గ.

అఖిల పళ్ళు బిగించింది. ఆ పిల్లకు సంగతి నిన్న స్టోరేజీ గేటు దగ్గరే అర్థమైంది. తల్లిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే లక్ష్మీదుర్గకు తెలుస్తోంది. తెలుస్తోంది, అంతే. తన చేత్తోనే పిల్ల నోటి దగ్గర కూడు లాగేశానన్న మాట మనసులో వచ్చింది, నిలబడింది, నొప్పి మాత్రం పుట్టించలేదు. ముల్లు దిగిన చోట తిమ్మిరి ఎక్కితే ఎలా ఉంటుందో అలా ఉంది.

సుభానీ తీగలు కోసేశాడు. వెనక పలక మరలు విప్పి మెడను ఊడదీశాడు. మొండెం బల్ల మీద వెల్లకిలా పడింది. లేచిన రంగును గోకుడుబిళ్ళతో ఒక పక్కనుంచి తీయబోయాడు, తీయకుండా ఆగాడు. గుడ్డ తెచ్చి దాని మీద కప్పబోయాడు.

అప్పటికే లక్ష్మీదుర్గ వేలు అక్కడికి వెళ్ళింది. రంగు ఊడిన చోట గోధుమరంగు చెక్క కనిపిస్తోంది. మధ్యలో ఒక గుండ్రటి అతుకు. బొటనవేలు పట్టేంత బొక్కను మరో ముక్కతో పూడ్చి, సాపు చేసినట్టుంది. చలికి ఆ ముక్క కుంచించుకుపోయి, అంచు చుట్టూ సందు వచ్చింది. దానికి పైన, చూపుడు వేలు ఆనేచోట, చెక్క కొంచెం నున్నగా అరిగి పల్లంగా ఉంది. లక్ష్మీదుర్గ బొటనవేలు అతుకు మీద, చూపుడు వేలు పల్లం మీద పెట్టి చూసింది. చెయ్యి దానంతటది గొళ్ళెం తీసినట్టు తిరిగింది.

కాపురానికి వచ్చిన మొదటి రోజు నుంచీ అలా తిప్పింది ఆమె. పాలకు, పేడకు, నీళ్ళకు, రోజుకు ఎన్ని సార్లో. తొమ్మిదేళ్ళ కింద ప్రేమ్‌చంద్ తలుపుకు చెద పట్టిందని ఊడదీసి, ఆ చోట రేకు బిగించాడు. తలుపు ఏదంటే కట్టెల అడితీకి వేశానన్నాడు.

“బాబాయ్,” అంది. “ఇది మా పెరటి తలుపు.”

సుభానీ కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు.

“టేకు ఎక్కడైనా టేకేగా అమ్మాయ్. జపానులో మాత్రం చెట్లుండవా?”

“గొళ్ళెం బొక్క కూడా అక్కడిదేనా?”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకోలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నాక ఒక్కసారిగా డెబ్బై ఏళ్ళవాడిలా కనిపించాడు. వీధి చివర ఏదో గూడ్సు రైలు గేటు దాటుతోంది.

అది పోయాక చెప్పాడు. ప్రేమ్‌చంద్ నాలుగేళ్ళు తిరిగాడట జపాను గిటారు కోసం. గుంటూరు కొట్లలో చైనావి తప్ప ఏమీ లేవు. బెజవాడలో పుస్తకంలో బొమ్మ చూపించి తెప్పిస్తామన్నారు, తెప్పించలేదు. మద్రాసులో పెద్ద కొట్టువాడు నిజం చెప్పాడట. పేరు జపాను కంపెనీదే అయినా ఇటు వచ్చేవన్నీ ఇండోనేసియాలో చేసినవి, జపానులో చేసినవి ఇటు దిగవు, ఎవరైనా ఆ దేశం వెళ్ళి భుజాన వేసుకుని రావాల్సిందే అన్నాడట. దర్శి నుంచి జపాను ఎవరు వెళ్తారు? ఇటు ఒంగోలు ఆర్కెస్ట్రావాళ్ళు జపాను గిటారు వాయించే ట్రూపు అని పోస్టర్లు వేసి, ఈయన ట్రూపుకు వచ్చే పెళ్ళిళ్ళన్నీ తన్నుకుపోతున్నారు. ప్రేమ్‌చంద్‌కు పిచ్చి పట్టినంత పనైంది. రోజూ ఇదే కొట్టుకొచ్చి ఇదే స్టూలు మీద కూర్చునేవాడట.

“ఆఖరికి నేనే అడిగానమ్మాయ్. మంచి పాత టేకు తెస్తావా అని. మర్నాడు తలుపు సైకిలుకు కట్టుకుని వచ్చాడు. వంద కిలోమీటర్ల పైనే.”

రెండు పలకలు అతికించి మొండెం కోశాడు సుభానీ. మెడ ఒక విరిగిన కలకత్తా గిటారుది. తీగల కింద అయస్కాంతాలు మద్రాసు పాత సామాన్ల బజారులో ఏరినవి. మెడ మొన మీద జపానులో చేసినట్టు ఇంగ్లీషు అక్షరాలు మాత్రం టిక్కీల మీద పేర్లు రాసే ఇమాం హుస్సేన్ రాశాడు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి, ఏ భాషైనా అచ్చు దింపేస్తాడు, తను రాసిందేమిటో చదవలేడు. రంగు ఆరాక ప్రేమ్‌చంద్ దాన్ని పెట్టెలో పెట్టుకుని రాత్రి బండికి మద్రాసు వెళ్ళి, పొద్దున బండికి తిరిగొచ్చాడు. స్టేషనులో అయూబ్ గారూ వాళ్ళూ దండ వేశారు.

ఆ దండ లక్ష్మీదుర్గ చూసింది. ఇంటికొచ్చాక గిటారుకే వేసింది. ఓడలో వచ్చిందని చెబితే దిష్టి కూడా తీసింది. తొమ్మిదేళ్ళు ఆ రేకు సందుల్లోంచి వానజల్లు పొయ్యిలోకి కొట్టింది. తలుపు కట్టెలకు వేసిన మనిషిని వాన పడినప్పుడల్లా తిట్టింది. ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని, తిట్టినన్నాళ్ళూ నవ్వాడు.

ఇప్పుడైనా కోపం రావాలి. వస్తుందేమోనని ఆమె కాసేపు చూసింది. రాలేదు.

నవ్వు వినిపించింది. అఖిల నవ్వుతోంది. మొదట చున్నీలో నవ్వి, ఆగలేక బల్ల పట్టుకుని పైకే నవ్వింది.

“తలుపా? నాన్న తలుపు వాయించాడా? అందుకేనా నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు?” అంది. “నీ చెయ్యి బరువెక్కాక ఇస్తాలేవే అనేవాడు. నా చెయ్యి నిజంగానే మొద్దనుకున్నాను సుభానీ తాతా.”

“నువ్వు పట్టుకుంటే తెలిసిపోతుందని భయం వాడికి,” అన్నాడు సుభానీ. “నీ చెవి వాడి చెవి కంటే మంచిదని వాడే చెప్పాడు.”

అఖిల నవ్వు ఆగిపోయింది. మొండెం ఎత్తి ఒళ్ళోకి తీసుకుని, అతుకు ఉన్నచోట వేలి గణుపుతో కొట్టి, చెవి ఆనించింది. మళ్ళీ కొట్టింది. మంచి తలుపేనంది.

ఇదంతా సరే, పొన్నూరు సంగతి చూడమంది లక్ష్మీదుర్గ. ఆ మాట తన గొంతులోంచి వచ్చినట్టే లేదు. ఆమెకు ఇప్పుడు కనిపిస్తున్నవి రెండే. ఒకటి ఆదివారం. రెండోది సోమవారం పొద్దున మిల్లు గేటు, పోగులు అంటుకున్న జుట్టుతో దగ్గుకుంటూ బయటికొచ్చే ఆడపిల్లలు. ఈ మధ్య ఆమె ఏ సంగతి గురించైనా ఆలోచించగలిగిందంటే అదొక్కటే.

సుభానీకి ప్రాణం లేచొచ్చింది. మెడ పనికిరాదు, కానీ అటక మీద ఇంకొకటి ఉంది. మొండేనికి జిగురు పెట్టి రాత్రంతా బిగించి ఉంచితే చాలు. శుక్రవారం రంగు, శనివారం తీగలు. ఇమాం హుస్సేన్‌కు కబురు పెడితే మధ్యాహ్నానికి వచ్చి అక్షరాలు రాసిపోతాడు. ఆదివారానికి జపాను గిటారు జపాను గిటారే.

“ఎవరికైనా తెలిసిపోతే?” అంది లక్ష్మీదుర్గ.

ఆయన గొంతు తగ్గించాడు.

“తొమ్మిదేళ్ళు ఎవరికి తెలిసింది? ఈ రెండు జిల్లాల్లో జపాను గిటార్లని చెప్పుకునేవి మూడున్నాయమ్మాయ్. మూడూ ఈ బల్ల మీద పుట్టినవే.”

“ఒంగోలుదీ?”

“అది మొదటిది.”

లక్ష్మీదుర్గకు ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అంటే ఏ గిటారును చూసి ప్రేమ్‌చంద్ నాలుగేళ్ళు నిద్రపోలేదో, ఏది దొరకక మద్రాసు దాకా పోయాడో, అది ఈ నల్లపాడులో, ఆయన కూర్చున్న స్టూలుకు రెండడుగుల దూరంలో తయారైంది. ఆ సంగతి ఆయనకు చెప్పావా అని అడిగింది. సుభానీ చెప్పలేదన్నాడు. ఒంగోలువాళ్ళకు ఖురాన్ మీద చెయ్యేసి మాటిచ్చానన్నాడు. ప్రేమ్‌చంద్ కూడా చివరిదాకా, తనదొక్కటే తలుపనీ అవతలివాళ్ళది అసలుదనీ అనుకున్నాడు. ఒక కచేరీలో రెండు ట్రూపులూ ఎదురెదురు పడితే, వాడు ఒంగోలువాళ్ళ స్టేజీ దగ్గరికి పోయి ఆ గిటారుకు దణ్ణం పెట్టి వచ్చాడమ్మాయ్, నేను పక్కనే ఉన్నాను అన్నాడు.

లక్ష్మీదుర్గ బల్ల మీద పడ్డ రంగు పెళ్ళలు ఒక్కొక్కటీ ఏరి పక్కన పోగుపెట్టింది, తాలుకాయలు ఏరినట్టు.

ఫోను మోగింది అప్పుడే. అయూబ్ గారు. ఆమెకు ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. అవతల మంచి హుషారుగా ఉన్నాడాయన. కుశలం అడిగాడు, పిల్ల సాధన చేస్తోందా అన్నాడు, తెల్ల సల్వారు కుట్టించమన్నాడు. తర్వాత అసలు కబురు చెప్పాడు. పొన్నూరు పెళ్ళికొడుకు తమ్ముడు చైతన్యకృష్ణ జపానులో మూడేళ్ళు ఉద్యోగం చేసి పోయిన నెలే వచ్చాడు. వస్తూ వస్తూ అక్కడ తయారైన గిటారు ఒకటి తెచ్చుకున్నాడు. మన గిటారు మీదున్న పేరే దాని మీదా ఉందట. బియ్యం వ్యాపారం చేసే పెద్ద కుటుంబం, కుర్రాడు ముచ్చటపడుతున్నాడు. స్టేజీ మీద ఆ గిటారూ ఈ గిటారూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ కలిసి ఒక పాట వాయించాలట. వీడియో వాళ్ళు దగ్గరగా తీస్తారట. మన గిటారు ఏ సంవత్సరానిదో వెనక నంబరు చూసి చెప్పమని కూడా అడిగాడట.

సుభానీ బల్ల అంచు పట్టుకున్నాడు. అఖిల మొండేన్ని ఒళ్ళో అలాగే పెట్టుకుని తల్లికేసి చూసింది.

లక్ష్మీదుర్గ ఫోనుకేసి చూస్తూ కూర్చుంది. బయటపడితే అది పోయిన మనిషి మీద పడదు. పోయినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, ఫోటోకు దండ వేస్తారు. తెల్ల సల్వారు వేసుకుని వెలుతురులో నిలబడే పిల్ల మీద పడుతుంది. దొంగ గిటారు పిల్ల అంటారు. రెండు జిల్లాల్లో ఇక ఏ స్టేజీ మీదా నిలబడనివ్వరు. దాని కంటే మిల్లు నయం. మిల్లులోంచైనా మళ్ళీ బయటికి రావచ్చు.

సుభానీ వద్దన్నట్టు తల ఆడిస్తున్నాడు. ఆయనకు ఆమె మొహం చూడగానే తెలిసిపోయింది.

“అన్నయ్యా,” అంది లక్ష్మీదుర్గ. “మా గిటారు జపానుది కాదు. మా ఇంటి తలుపు. నాకూ ఇప్పుడే తెలిసింది. పిల్లకి వాయించడం మటుకు వచ్చు. తలుపుతో వస్తే తీసుకుంటావా లేదా, అది చెప్పు.”

అవతల ఎవరో తబలా శృతి చేస్తున్న చప్పుడు వస్తోంది. అదీ దూరమైంది. ఆయన లేచి ఎక్కడికో నడుస్తున్నట్టుంది. తలుపు వేసుకున్న చప్పుడు.

మళ్ళీ మాట్లాడినప్పుడు అయూబ్ గారి గొంతులో హుషారు లేదు, కోపమూ లేదు.

“ఈ మాట ఇంకెవరికి తెలుసు చెల్లెమ్మా?”

లక్ష్మీదుర్గ తలెత్తింది. బల్లకు అవతల సుభానీ తన పేరు చెప్పొద్దన్నట్టు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. అఖిల గిటారు మొండెం కింద పెట్టి, ఆ ముసలాయన చేతులు పట్టుకుని నెమ్మదిగా విడదీస్తోంది.

“చెల్లెమ్మా, అడుగుతున్నాను. నీ పక్కన ఎవరున్నారు?”

ఆమె నోరు తెరిచింది. మిగతాది వచ్చే వారం.

— యడవల్లి వెంకటరావమ్మ, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు ఉండేది చిలకలూరిపేటలో.